నాలుగువందల ఏడులో బడికెళ్ళని పిల్ల

"నాగేంద్రా, ఈ రోజు తారీఖు రాసిపెట్టుకో. రేపెవరైనా బెంగుళూరు నేర చరిత్ర రాస్తే గిరిధర్‌కు ముందు, గిరిధర్ తర్వాత అని రెండు సంపుటాలుగా రాయాల్సి వస్తుంది!"

ఈ మాటలన్నప్పుడు గిరిధర్ నూట నాలుగో నంబరు ఫ్లాటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో పాల ప్యాకెట్లు. ఆదివారం పొద్దున ఆరున్నర. నాగేంద్ర నోట్లో ఇంకా పళ్ళు తోముకునే బ్రష్షు ఉంది.

"రెండో సంపుటం కాఫీ తాగినంక మొదలుపెడదాం లేప్పా," అని నాగేంద్ర తలుపు పూర్తిగా తీశాడు. తీయకపోతే గిరిధర్ తాళం రంధ్రంలోంచి మాట్లాడతాడని అనుభవం.

నాగేంద్ర వాళ్ళది మూడు తరాల కిందట పెనుకొండ వైపు నుంచి వచ్చి బెంగుళూరులో పాతుకుపోయిన కుటుంబం. నగర్తపేటలో గుండీలు, జిప్పులు, లేసులు టోకున అమ్మే కొట్టు ఉంది. కొడుకు బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొన్నాడని ఇక్కడికి మారాడు. మారిన మొదటి వారమే గిరిధర్ స్నేహితుడయ్యాడు. అది తన చేతిలో లేని విషయం.

గిరిధర్‌ది కాకినాడ. ఇరవై రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేశాడు. ఎదుటివాడు రాసినదాంట్లో తప్పులు పట్టడమే వృత్తి. రెండేళ్ళ కిందట కంపెనీ శాలువా కప్పి ఇంటికి పంపించాక, ఆ తప్పులు పట్టే అలవాటుకు చోటు లేక అపార్టుమెంటు మీద పడ్డాడు. ఆయన ఛేదించిన కేసులు ఇప్పటికి రెండు. మొదటిది, మాయమైన ఎడమ చెప్పు. నాలుగు రోజుల దర్యాప్తు తర్వాత అది ఆయన ఎడమ కాలికే దొరికింది. రెండోది, ఆరో అంతస్తులో గంటసేపు కదలకుండా ఆగిపోయిన లిఫ్టు. తలుపు మధ్యలో కాలు పెట్టి దాన్ని పరిశీలిస్తున్నది ఆయనే.

"నాలుగువందల ఏడు," అన్నాడు గిరిధర్ గొంతు తగ్గించి.

"ఏముండాది నాలుగువందల ఏడులో?"

"ఒక పిల్ల. చూడ్డానికి పదిహేనేళ్ళు. మూడు వారాలుగా నీడలా వెంటాడుతున్నాను. ఆ పిల్ల బడికి వెళ్ళదు."

నాగేంద్రకు ఆ పిల్ల తెలుసు. పేరు హెప్సిబా. తల్లి ప్రమీల ఒంగోలు నుంచి వచ్చిన నర్సు. తండ్రి ఐజాక్ సర్జాపుర దగ్గర ఒక చర్చిలో పాస్టరు. నాగేంద్రకు షుగరు. కాలి మడమ దగ్గర ఒక పుండు ఎంతకీ మానకపోతే, రెండు నెలలుగా రోజు మార్చి రోజు కట్టు కడుతున్నది ప్రమీలే.

"వెళ్ళకపోతే ఏమప్పా?"

"ఏమా? విను." గిరిధర్ జేబులోంచి నోటు పుస్తకం తీశాడు. "మంగళవారం పదకొండింటికి లిఫ్టులో కనిపించింది. యూనిఫాం లేదు. బ్యాగు లేదు. ఒక చేతిలో క్యాబేజీ, ఇంకో చేతిలో దిండంత పుస్తకం. పదకొండింటికి నాగేంద్రా! ఈ దేశంలో పదిహేనేళ్ళవాళ్ళంతా మూడో పీరియడులో కళ్ళు తెరుచుకుని నిద్రపోయే సమయం."

"జ్వరమొచ్చిందేమో."

"జ్వరమొచ్చిన పిల్ల పదకొండు అంతస్తులు ఎక్కి మెట్లు లెక్కపెడుతుందా? లెక్కపెట్టి ఒక్కో అంతస్తుకి రెండు మెట్లు తేడా ఎందుకొచ్చిందని ప్లంబరును అడుగుతుందా? సరే, అది వదిలెయ్. నన్ను చూసి తప్పించుకోలేదు. మామూలు పిల్లలు అంకుల్ ఎదురైతే ఫోనులో తల దూరుస్తారు. ఈ పిల్ల ఆగి, 'మీ దగ్గు తగ్గిందా అంకుల్?' అని అడిగింది. అడిగి, జవాబు కూడా విన్నది!"

"మంచిదే కదప్పా."

"అనుమానాస్పదంగా మంచిది! చివరిగా బ్రహ్మాస్త్రం వేశాను. 'ఏ క్లాసమ్మా?' అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, 'ఏ సబ్జెక్టులో అంకుల్?' అంది."

నాగేంద్ర బ్రష్షు కడుక్కొచ్చాడు. "ఇంట్లోనే చదువుకుంటాండాదేమో. ఇప్పుడు అట్ల చదివించేవాళ్ళు ఉండారంట."

గిరిధర్ జాలిగా నవ్వాడు. "ఇంట్లో ఎవరూ చదవరు నాగేంద్రా. నేనూ చదవలేదు. మా అమ్మాయి చిన్నీ చదవదు. అది మానవ స్వభావానికే విరుద్ధం. అసలు పదిహేనేళ్ళ పిల్ల అంటే మా చిన్నిలా ఉండాలి. ఐదున్నరకు లేస్తుంది. బడి, బడి తర్వాత ట్యూషను, శని ఆదివారాలు ఇంజనీరింగు ఫౌండేషన్ కోచింగు. కళ్ళ కింద నల్లటి చారలు. ఏమడిగినా 'ఊ' అంటుంది. అవన్నీ ఆరోగ్య లక్షణాలు. నాలుగువందల ఏడులో ఉన్నది పిల్ల కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు జడలు వేసుకుని అపార్టుమెంటు ఆనుపానులు కనిపెట్టడానికి ఒక అంతర్రాష్ట్ర ముఠా పంపిన మనిషి!"

"ముఠాకి మన అపార్టుమెంటుతో ఏం పని?"

"పద, చూపిస్తాను."

డాబా మీద, లిఫ్టు యంత్రాల గది వెనక గోడకు సుద్దముక్కతో రాసిన అంకెలు ఉన్నాయి. 'శ 10.40 – 78. శ 11.40 – 55.' కింద నేల మీద వంకర గీతలు, మధ్యలో చిన్న చుక్క.

గిరిధర్ వాటిని భూతద్దంతో చూశాడు. చాలాసేపు చూశాక అది తిరగేసి పట్టుకున్నానని గ్రహించి సరిచేసుకున్నాడు.

"సంకేత భాష! 10.40 అంటే నూట నాలుగు, సున్నా. నూట నాలుగు ఎవరి ఇల్లు?"

"నాదే."

"సున్నా అంటే ఆ ఇంట్లో చివరికి మిగిలేది."

"డెబ్బై ఎనిమిది?"

"ఇంటి యజమాని వయసు."

"నాకు అరవై ఒకటే కదప్పా!"

"ముఠా సమాచారంలో లోపం. అన్నీ సరిగ్గా తెలిస్తే వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసుకునేవాళ్ళు." గిరిధర్ మోకాళ్ళ మీద వంగాడు. "ఇద్దరున్నారు. రాత ఒక్కరిది కాదు. ఈ ఎనిమిది చూడు, నడుం బిగించి రాసింది. ఇది రాసినవాడు నలభై దాటిన క్రూరుడు. కన్నవాళ్ళ ముఖం చూసి ఏళ్ళయి ఉంటుంది."

గది గోడ వారన చిన్న స్టీలు డబ్బా ఒకటి కనిపించింది. మూత తీస్తే అడుగున నాలుగు ముద్దల పులిహోర. నాగేంద్ర వద్దనేలోపే గిరిధర్ ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు.

"విషం లేదు. ఇంగువ ఒక పిసరు ఎక్కువ. అచ్చం మా ఆవిడ అలివేలు చేసినట్టే ఉంది. అంటే ముఠాలో మన కోస్తావాడు ఒకడున్నాడు." రెండో ముద్ద తిన్నాడు. మూడోది కూడా పరీక్షకే పోయింది. డబ్బా తిరగేస్తే అడుగున చెక్కిన అక్షరాలు కనిపించాయి. "గి. అ. నాగేంద్రా, నా ఒళ్ళు జలదరిస్తోంది. దీని అర్థం తెలుసా? గిట్టనివాళ్ళ అంతం!"

నాగేంద్ర ఆ అక్షరాల వైపు చూశాడు. గిరిధర్, అలివేలు. వాళ్ళింట్లో భోజనానికి పిలిచినప్పుడల్లా ఆ అక్షరాలున్న గిన్నెల్లోనే పప్పు వడ్డించేవాళ్ళు. ఆ ఇంట్లోంచి పులిహోర డబ్బా పట్టుకుని డాబా ఎక్కగల మనిషి ఒక్కరే ఉన్నారు. శనివారం పొద్దున కోచింగులో కూచుని ఉండాల్సిన మనిషి.

చెబుదామని నోరు తెరిచాడు. గిరిధర్ నాలుగో ముద్ద తింటూ, "మా అలివేలు చేతి వంట తిన్నవాడెవడూ నేరం చేయలేడు, అదొక్కటే నాకు అర్థం కాని చిక్కుముడి," అంటున్నాడు. నాగేంద్ర నోరు మూసుకున్నాడు.

డబ్బాను పాలిథిన్ కవరులో పెట్టి, సీలు వేసి, గిరిధర్ ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్జులో దాచాడు. మర్నాటికి అలివేలు దాన్ని కడిగి గూట్లో పెట్టేసింది.

"మన డబ్బానే కదండీ?" అందావిడ.

"మన డబ్బాలాంటిదే వాడారు అలివేలూ. వాళ్ళ తెలివంతా అక్కడే ఉంది," అన్నాడు గిరిధర్.

బుధవారం మధ్యాహ్నం గిరిధర్ నేరుగా విచారణకు దిగాడు. సాక్షిగా నాగేంద్రను లాక్కెళ్ళాడు. హెప్సిబా కింద తోటలో చెట్టు బోదె చుట్టూ దారం కట్టి కొలుస్తూ ఉంది. గిరిధర్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టోపీ కనుబొమ్మలదాకా దించుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని వెళ్ళాడు.

"నమస్తే గిరిధర్ అంకుల్. కళ్ళకలక వచ్చిందా? అమ్మనడిగి చుక్కల మందు తెమ్మంటారా?" అందా పిల్ల తలెత్తి.

మారువేషం ఆ విధంగా ముగిసింది. గిరిధర్ మఫ్లరు సర్దుకుని నోటు పుస్తకం తీశాడు.

"నీ రోల్ నంబరెంత?"

"ఏ నాటకంలో అంకుల్?"

"బ్యాక్ బెంచీ గురించి నీకేం తెలుసు?"

"నడుం నొప్పి ఉన్నవాళ్ళకు మంచిదనుకుంటాను. నాగేంద్ర అంకుల్‌కు కావాలా?"

"గంట మోగితే ఏం చేస్తావు?"

"తలుపు తీస్తాను."

గిరిధర్ నాగేంద్ర వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. "పరీక్షంటే భయం లేదా?"

"రక్తపరీక్ష అయితే కొంచెం."

"హోమ్‌వర్కు?"

"చేస్తాను. బుధవారం గిన్నెలు తోమడం, శుక్రవారం ఇల్లు తుడవడం."

"ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం ఎప్పుడైనా నువ్వే పెట్టేశావా? నిజం చెప్పు. మాఫీ ఉంటుంది."

"నాన్న సంతకం నేనెందుకు పెడతాను? ఆయనకు చేయి బాగానే ఉందిగా."

గిరిధర్‌కు చెమట పట్టింది. ఆ పిల్ల అబద్ధమాడటం లేదు, తడబడటం లేదు, టీచరును తిట్టడం లేదు. ఇన్నేళ్ళలో అలాంటి విద్యార్థిని ఆయన చూడలేదు. "నీకు పదిహేనేళ్ళని ఆధారం ఏమిటి?" అని గద్దించాడు.

"ఆధారుంది. తెమ్మంటారా?" అని, ఆ పిల్ల దారం చుట్టుకుంటూ మర్యాదగా అడిగింది. "మీరిప్పుడు ఏం నేర్చుకుంటున్నారు అంకుల్?"

"నేనా? నాకు చదువైపోయిందమ్మా."

"అయ్యో," అంది హెప్సిబా, నిజంగా బాధపడుతూ.

ఆ సాయంత్రమే గిరిధర్ తన నివేదికను అసోసియేషన్ సెక్రటరీ సమీనాకు అందజేశాడు. సమీనాది కర్నూలు. పెద్ద కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఏ విషయమైనా ముందు అజెండాలో పెట్టి, అర్థం చేసుకోవడం తర్వాత చూసుకునే అలవాటు.

"గిరిధర్ గారూ, డాబా మీద ఎవరో రాస్తున్నారని నాకు ఆల్రెడీ మూడు కంప్లయింట్లు. ఆదివారం మీటింగు ఉంది. ప్రూఫ్ ఇస్తే నాలుగువందల ఏడు ఓనరుకు నోటీసు పంపిద్దాం. టెనెంట్లే కదా, సింపుల్," అంది.

ఆ 'సింపుల్' అన్న మాట నాగేంద్రకు మర్నాడు కట్టు కట్టించుకుంటున్నప్పుడు గుర్తొచ్చింది. ప్రమీల మడమకు మందు రాస్తూ, "పుండు మూసుకుంటోంది అన్నయ్యా, ఇంకో రెండు వారాలు," అంది. తర్వాత మందు మూత బిగిస్తూ, "రెండు వారాలు మేమిక్కడ ఉంటే," అంది.

"అదేమమ్మా అట్లంటావు?"

"మీటింగు సంగతి విన్నాను. మాకిది మూడో ఇల్లు. మొదటి చోట, 'పిల్లను పనికి పెట్టుకున్నారా' అన్నారు. రెండో చోట, 'బుద్ధి మాంద్యమా' అని అడిగారు. ఇక్కడ దొంగల ముఠా అంటున్నారట. నయం, కాస్త ప్రమోషన్ వచ్చింది." నవ్వుతూనే అంది గాని, కట్టుకు వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది. "దానికి డ్యూటీ టైముల మధ్య నేనే సైన్సు చెప్తాను. వాళ్ళ నాన్న చరిత్ర, తెలుగు చెప్తాడు. పరీక్ష ఓపెన్ స్కూల్లో రాయిస్తాం. దాచిందేమీ లేదు. ఎవరైనా తలుపు కొట్టి అడిగితే చెప్పేదాన్ని."

మూడు వారాలుగా భూతద్దం పట్టుకుని తిరిగిన మనిషికి తలుపు కొట్టాలని తోచలేదని నాగేంద్ర ఆమెతో అనలేకపోయాడు. ఇంటికెళ్ళి గిరిధర్‌తో మాత్రం అన్నాడు. గిరిధర్ వేలు పెదవుల మీద పెట్టుకుని, "వాళ్ళు ముందే కట్టుకున్న కట్టుకథ. నీ కాలికి కట్టిన కట్టు లాంటిదే. లోపల పుండు ఉంటుంది," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం లిఫ్టు దగ్గర చిన్ని ఎదురైంది. భుజానికి తనకంటే బరువైన బ్యాగు.

"పులిహోర డబ్బా మర్చిపోతే ఎట్లమ్మా?" అన్నాడు నాగేంద్ర మెల్లగా.

చిన్ని ముఖం పాలిపోయింది. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోతే మూసుకుని వెళ్ళిపోయింది.

"నాన్నకు చెప్పేస్తారా అంకుల్?"

"నువ్వు చెప్తావా?"

"కోచింగులో నన్ను చివరి బ్యాచిలో వేశారు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు, చెప్పరు. పేపర్లు ఇస్తారు, తీసుకుంటారు, అంతే. ఒకసారి 'పొద్దునకీ మధ్యాహ్నానికీ నీడ ఎందుకు తగ్గుతుంది సార్, ఎంత తగ్గుతుందో లెక్క కట్టొచ్చా' అని అడిగితే, సిలబస్‌లో లేదు కూచో అన్నారు. హెప్సిబాను అడిగితే కర్ర పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళింది." చిన్ని ముక్కు ఎగబీల్చింది. "రేపొక్క శనివారం అంకుల్. కొలతలు పూర్తవుతాయి. తర్వాత నేనే చెప్తాను."

రేపు గిరిధర్ ఆ డాబా మీద కాపు కాయబోతున్నాడని నాగేంద్రకు తెలుసు. "రేపు వద్దులేమ్మా," అని మాత్రం అనగలిగాడు. చిన్ని అప్పటికే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

శనివారం పదింపావుకు గిరిధర్ తన వ్యూహం విప్పాడు. డాబా మీద కొత్తగా తెచ్చి ఇంకా బిగించని పెద్ద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. అందులో దాక్కుంటాడు. ముఠా రాగానే పైకి లేస్తాడు. సరిగ్గా పదకొండింటికి నాగేంద్ర సమీనాను, కమిటీ వాళ్ళను వెంటబెట్టుకుని రావాలి.

"ఎండప్పా. లోపల ఉడికిపోతావు."

"సత్యం కోసం గిరిధర్ ఆవిరి మీద ఇడ్లీ అయినా అవుతాడు." స్టూలెక్కి, ఒక కాలు లోపల పెట్టి, ఫోను నాగేంద్ర చేతికిచ్చాడు. "ఇది మోగితే పట్టుబడిపోతాను. నువ్వుంచుకో."

నాగేంద్ర కుంటుకుంటూ కిందికి దిగాడు. అతను దిగిన ఐదు నిమిషాలకు సెక్యూరిటీ పెద్దమునియప్ప డాబా మీదికి రౌండుకు వచ్చాడు. ట్యాంకు మూత తెరిచి ఉండటం చూశాడు. కిందటి నెల తెరిచిన ట్యాంకులో పావురం పడిందని సమీనా మేడమ్ అందరి ముందు అతన్ని కేకలేసింది. అందుకని మూత బలంగా తిప్పి బిగించి, స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు. లోపలి మనిషి, వచ్చింది ముఠావాడే అనుకుని ఊపిరి బిగపట్టి కూచున్నాడు.

ఇంట్లో నాగేంద్ర మంచినీళ్ళు తాగుతుంటే గిరిధర్ ఫోను టింగుమంది. చూడకూడదనుకుంటూనే చూశాడు. కోచింగు సెంటరు మెసేజి. 'మీ అమ్మాయి ఈ రోజు క్లాసుకు హాజరు కాలేదు.' దాని కింద అలాంటివే ఇంకా పదహారు ఉన్నాయి. ఒక్కటీ తెరిచి చూసినట్టు లేదు.

నాగేంద్రకు ఆ క్షణం తన స్నేహితుడి మీద కోపం రాలేదు. ఇంత పెద్ద మనిషి మీద ఇంత జాలి ఎలా కలుగుతుందో అతనికే వింతగా అనిపించింది. సమీనా ఫ్లాటు గంట కొట్టి పైకి రమ్మన్నాడు గాని, ఆమె ఎవరికో ఫోను చేస్తూ ఐదు నిమిషాలంది. ఆమె కోసం ఆగకుండా లిఫ్టెక్కాడు.

డాబా తలుపు దగ్గరికి చేరేసరికి ఆడపిల్లల గొంతులు వినిపించాయి.

"ట్యాంకులో ఏదో కొట్టుకుంటోంది."

"పిల్లేమో."

"పిల్లి 'నేరస్థులారా' అనదు."

నాగేంద్ర తలుపు సందులోంచి చూశాడు. హెప్సిబా చేతిలో కొలత టేపు. చిన్ని చేతిలో నిలువు కర్ర. నల్లటి ట్యాంకు లోపలి నుంచి బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వస్తోంది. "నేరస్థులారా! మిమ్మల్ని నలువైపులా చుట్టుముట్టాం! కదిలారో..." తర్వాత దగ్గు. "మూత తీయండి. కాసిని మంచినీళ్ళు..."

చిన్ని చేతిలోని కర్ర కిందపడింది.

"మీ నాన్నగారి దగ్గు," అంది హెప్సిబా. "పొడి దగ్గు. ఇంకా తగ్గలేదు." ట్యాంకు మీద అరచేయి పెట్టి వెంటనే తీసేసింది. "కాలిపోతోంది. ఇప్పుడే తీయాలి. చిన్నీ, నువ్వెళ్ళిపో. నేను తీస్తాను. నువ్విక్కడికి రాలేదు."

చిన్ని బ్యాగు భుజానికి తగిలించుకుని తలుపు వైపు నాలుగడుగులు వేసింది. చీకటి మెట్ల మీద నిలబడ్డ నాగేంద్రకు ఆ పిల్ల ముఖం స్పష్టంగా కనబడుతోంది. మెట్లు దిగిపోతే ఎవరికీ తెలియదు. వెనక హెప్సిబా రంగు డబ్బా బోర్లించి ఎక్కి, రెండు చేతులతో మూత తిప్పుతోంది. అది కదలడం లేదు. ట్యాంకులోంచి దగ్గు ఆగిపోయింది.

చిన్ని బ్యాగు విసిరేసి వెనక్కి పరిగెత్తింది. ఇద్దరూ ఒకే డబ్బా మీద ఇరుక్కుని నిలబడి, పళ్ళు బిగించి తిప్పారు. నాగేంద్ర కూడా కుంటుకుంటూ పరిగెత్తాడు గాని, అతను చేరేసరికే మూత ఊడి వచ్చింది.

ముందు ఆవిరి వచ్చింది. తర్వాత గిరిధర్ తల వచ్చింది. ముఖం ఎర్రగా, జుట్టు నెత్తికి అతుక్కుపోయి ఉంది. భూతద్దం మాత్రం చేతిలోనే ఉంది.

"ఆట ముగిసింది," అన్నాడు నీరసంగా. ఎదురుగా ఉన్న ముఖం చూసి కంగారుపడ్డాడు. "చిన్నీ? నువ్వేంటమ్మా ఇక్కడ? కిందికి వెళ్ళిపో, ఇక్కడ ముఠా తిరుగుతోంది!"

"నాన్నా," అంది చిన్ని, కళ్ళ నీళ్ళతో, "ముఠా మేమే."

ఆ వాక్యం గిరిధర్ చెవిలోంచి బుర్రలోకి చేరడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా నాగేంద్ర చిన్ని బ్యాగులోని నీళ్ళ సీసా తీసి అందించాడు. గిరిధర్ సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు.

"మరి కోచింగు?"

"డిసెంబరు నుంచీ వెళ్ళట్లేదు. రాలేదని ప్రతిసారీ నీకు మెసేజి వస్తుంది. నువ్వు అడుగుతావేమోనని రోజూ భయపడ్డాను. తర్వాత," చిన్ని ఆగింది, "తర్వాత అడిగితే బాగుండుననిపించింది."

నాగేంద్ర ఫోను తీసి, మెసేజీలు కనబడేలా అతని చేతిలో పెట్టాడు. గిరిధర్ అలవాటుగా భూతద్దం పైకెత్తి, ఎందుకో మళ్ళీ దించేశాడు. పదిహేడూ ఉత్త కళ్ళతోనే చదివాడు.

"పరిశోధనకు అడ్డొస్తున్నాయని మోగకుండా చేశాను," అన్నాడు చివరికి. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం నాగేంద్ర ఎప్పుడూ వినలేదు.

సరిగ్గా అప్పుడే సమీనా, ఇద్దరు కమిటీ సభ్యులతో డాబా మీదికి వచ్చింది. ట్యాంకులోంచి తల మాత్రం బయటికున్న గిరిధర్‌ను, రంగు డబ్బా మీద నిలబడ్డ ఆడపిల్లల్ని చూసింది.

"సో? కల్ప్రిట్ దొరికారా? నోటీసు డ్రాఫ్ట్ రెడీగా ఉంది."

హెప్సిబా టేపు చుట్టుకుంటూ తల దించుకుంది. ఇప్పటికే రెండు ఇళ్ళు మారిన పిల్ల. ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో తెలిసినట్టు నిలబడింది. ఒక్క మాట చాలు, కేసు గెలుపు గిరిధర్‌ది, కూతురి పేరు బయటికి రాదు.

గిరిధర్ ట్యాంకు అంచు మీద చేతులు ఆనించాడు.

"రాసింది మా అమ్మాయి," అన్నాడు. "ఈ పిల్ల లెక్క నేర్పిస్తోంది. నీడల లెక్క. నేను మూడు వారాలు వీళ్ళ నీడను పట్టుకున్నాను, వీళ్ళు నిజంగా నీడనే కొలుస్తున్నారు. నోటీసు ఎవరికైనా ఇవ్వాలంటే నాకివ్వండి. దానికంటే ముందు నన్నిందులోంచి తీయండి."

తీయడానికి నలుగురు మనుషులు, ఒక నిచ్చెన, పెద్దమునియప్ప చెప్పిన అక్కర్లేని క్షమాపణలు కావాల్సి వచ్చాయి. "పావురం పడతాదనుకుంటి సార్," అన్నాడతను పదేపదే.

ప్రమీల వచ్చి నాడి చూసి, ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు తాగించింది. గిరిధర్ గ్లాసు ఖాళీ చేసి, నేల చూస్తూ అడిగాడు. "మీ ఇంటి బడిలో అడ్మిషన్ ఎలాగమ్మా? ఎంట్రన్సేమైనా ఉంటుందా?"

"ఉంటుందండీ. రోజూ ఒక గంట పిల్లతో కూచుని, సమాధానం తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవాలి. పిల్లలందరూ పాసవుతారు. ఫెయిలయ్యేది అమ్మానాన్నలే."

ఆదివారం మీటింగులో నోటీసు మాట ఎత్తకుండా సమీనా, రికార్డు కోసమని, గిరిధర్ నోటు పుస్తకంలోని అనుమానాస్పద లక్షణాలన్నీ చదివి వినిపించింది. బ్యాగు మోయదు. పరీక్షకు భయపడదు. పెద్దవాళ్ళు చెప్పేది వింటుంది. అబద్ధం చెప్పదు. తల్లిదండ్రులందరూ నవ్వారు. వెనక వరసలో ఉన్న పిల్లలు మాత్రం నవ్వలేదు. తొమ్మిదిమంది లేచి అందులో ఎలా చేరాలని అడిగారు. సమీనా దాన్ని వచ్చే నెల అజెండాలో వేసి, ఆ నెల మీటింగే రద్దు చేసింది.

అలివేలు రెండు రోజులు భర్తతో మాట్లాడలేదు, మూడు రోజులు కూతురితో. తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. చిన్ని బడి మానదు. కోచింగు మానేసింది. శనివారాలు డాబా మీద హెప్సిబాతో. షరతు ఒకటే, తండ్రి కూడా పక్కనే కూచుని నేర్చుకోవాలి.

నెల తర్వాత ఒక శనివారం నాగేంద్ర మానిపోయిన కాలితో, ఎవరి చేయీ పట్టుకోకుండా డాబా ఎక్కాడు. గొడుగు నీడలో ముగ్గురూ పుస్తకాల మీద వంగి ఉన్నారు. గిరిధర్ నాలుక బయటపెట్టి ఏదో త్రిభుజం గీస్తున్నాడు.

"మీ నాన్న ఎట్ల చదువుతాండాడమ్మా?" అని అడిగాడు చిన్నిని.

చిన్ని కళ్ళ కింద చారలు కొంచెం పలచబడ్డాయి. తండ్రి వైపు ఓరగా చూసి నవ్వింది.

"పర్లేదంకుల్, బాగానే చదువుతున్నాడు. కాకపోతే పక్కవాళ్ళ నోట్సులోకి చూస్తాడు."